ఆ స్వెటర్ మీలాగే ఉందా?

చలికాలం వచ్చిందంటే బీరువా అడుగున కలరా ఉండల మధ్య నిద్రపోతున్న స్వెటర్‌కి మెలకువొస్తుంది. చలి ఆగితే చాలు కదా అని ఏదో ఒకటి తగిలించుకుని బయటపడతాం. చీర మీదా చుడీదార్ మీదా ఎంతో శ్రద్ధ పెట్టేవాళ్లు కూడా స్వెటర్ దగ్గరికొచ్చేసరికి రాజీపడిపోతారు. బజార్లో అందరికీ దొరికే స్వెటర్‌తోనే మనదంటూ ఓ స్టైల్ తెచ్చుకోవచ్చా? భేషుగ్గా తెచ్చుకోవచ్చు. ఎలాగంటే...

పొద్దున్నే పాలప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్లే పెద్దాయన్ని ఓసారి గుర్తుతెచ్చుకోండి. లుంగీ, మంకీక్యాప్, ఛాతీ మీద డైమండ్ డిజైన్లున్న మెరూన్ స్వెటర్. అది ఆయన పెళ్లినాటిది కావచ్చు, కొడుకు హాస్టల్లో వాడి వదిలేసింది కావచ్చు. ఎవరూ అడగరు, ఆయనా పట్టించుకోడు. పోనీ పెళ్లిళ్లకి వెళ్దాం. మాఘమాసంలో తెల్లవారుజాము ముహూర్తం. మేలిమి జరీ కంచిపట్టు చీర, కాసులపేరు, జడనిండా పూలు... వాటన్నిటి మీదా భర్తగారి బూడిదరంగు స్వెటర్! ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తగానే అది చటుక్కున కుర్చీ వెనక్కి వెళ్లిపోతుంది. ఫొటో అయిపోగానే మళ్లీ ఒంటిమీదికి.

ఎందుకిలా అంటే... మన ఇళ్లలో స్వెటర్ బట్టల లెక్కలోకి రాదు. విక్స్, మిరియాల కషాయం, వేణ్నీళ్లు... ఆ జాబితాలోది. అమ్మ 'స్వెటరేసుకో' అంటే 'అందంగా తయారవ్వు' అని కాదు, 'జలుబు చేస్తుంది' అని. దానికి తోడు మన చలి కూడా అంతంతమాత్రమే. లంబసింగి, అరకు, ఆదిలాబాద్‌ల సంగతి వేరు. అక్కడివాళ్లకి చలంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. మిగతా చోట్ల పొద్దున వణికించి, మధ్యాహ్నానికి ఫ్యానేయించి, రాత్రికి మళ్లీ దుప్పటి కప్పించే దొంగ చలి. శివరాత్రికి శివశివా అంటూ పోనే పోతుంది. 'ఆ రెండు నెలల ముచ్చటకి డబ్బులు తగలేయాలా' అని ఇంట్లో పెద్దలు అనడంలో న్యాయం ఉంది.

కాకపోతే ఆ న్యాయం నుంచి మనం తీసుకోవాల్సిన తీర్పే వేరు. తక్కువ రోజులు వేసుకుంటాం కాబట్టి ఏదో ఒకటి చాలనుకోవడం కాదు, తక్కువే కొనాలి కాబట్టి చూసి కొనాలి. నాలుగు నాసిరకం స్వెటర్లు మార్చి మార్చి వేసుకునేవాళ్లకన్నా, నప్పిన ఒక్కదాన్ని నాలుగేళ్లు వేసుకునేవాళ్లే స్టైల్‌గా కనిపిస్తారు.

హై స్ట్రీట్ అంటే బీసెంట్ రోడ్డే!

ఫ్యాషన్ పేజీల్లో 'హై స్ట్రీట్' అన్న మాట తరచూ కనిపిస్తుంది. 'హై' అన్నారు కదాని ఖరీదైన వ్యవహారం అనుకునేరు. బ్రిటన్‌లో చిన్నాపెద్దా ఊళ్లలో ప్రధాన బజారు వీధిని హై స్ట్రీట్ అంటారు. మనకి విజయవాడ బీసెంట్ రోడ్డు, సికింద్రాబాద్ జనరల్ బజార్, విశాఖ జగదాంబ జంక్షన్ ఎలాగో వాళ్లకి అదలాగన్నమాట. ఆ వీధిలో ఉండే గొలుసు దుకాణాల్లో, అందరికీ అందే ధరలో దొరికే రెడీమేడ్ బట్టలే హై స్ట్రీట్ ఫ్యాషన్. మార్క్స్ అండ్ స్పెన్సర్ 1884లో లీడ్స్ బజార్లో ఏదైనా ఒక పెన్నీకే అమ్మే చిన్న అంగడిగా మొదలైంది. హెచ్ అండ్ ఎమ్ 1947లో స్వీడన్‌లో, జారా 1975లో స్పెయిన్‌లో తొలి దుకాణాలు తెరిచాయి.

మన దేశంలో 1998లో వెస్ట్‌సైడ్ వచ్చింది. 2001లో మార్క్స్ అండ్ స్పెన్సర్, 2010లో జారా, 2015లో హెచ్ అండ్ ఎమ్, 2019లో యునిక్లో అడుగుపెట్టాయి. 2016లో మొదలైన జూడియో అయితే చిన్న పట్టణాలకీ చేరిపోయింది. పారిస్‌లో, మిలాన్‌లో మోడళ్లు వేసుకుని నడిచిన డిజైన్ల పోలికలు కొన్ని వారాల్లోనే ఈ దుకాణాల హ్యాంగర్ల మీదికి వచ్చేస్తుంటాయి. అదీ వీటి బలం.

స్వెటర్‌కీ హై స్ట్రీట్‌కీ ఉన్న బంధం తెలియాలంటే మాత్రం ఇటలీ వెళ్లాలి. చెల్లెలు జూలియానా అల్లిన రంగురంగుల స్వెటర్లని అన్న లూచియానో అమ్మడంతో మొదలైన వ్యాపారమే బెనెటన్. 1965లో అది కంపెనీ అయింది. అప్పటిదాకా నూలుకి రంగు వేసి, ఆ తర్వాత స్వెటర్ అల్లేవారు. ఏ రంగు అమ్ముడవుతుందో ముందే ఊహించాలి. ఊహ తప్పితే సరుకంతా మిగిలిపోతుంది. బెనెటన్ వాళ్లు దాన్ని తలకిందులు చేశారు. రంగు వేయకుండా స్వెటర్ అల్లేసి పక్కన పెట్టుకున్నారు. ఈసారి జనం ఆకుపచ్చ అడుగుతున్నారని దుకాణాల నుంచి కబురు రాగానే ఆకుపచ్చ రంగులో ముంచారు. చూడ్డానికి చిన్న మార్పే. కానీ జనం అడిగిన రంగు అదే సీజన్లో అందించగలగడం అనే విద్య అక్కడ బాగా వంటబట్టింది.

సరే, ఒకే స్వెటర్ వేలమందికి అమ్ముతారు. మీ ఆఫీసులో ఇద్దరికి ఉంటుంది, లిఫ్టులో మూడో ఆమెకి కనిపిస్తుంది. మరి అందులో 'మీది' అనేదేముంది?

ఒంటికి అంటిపెట్టుకున్న స్వెటర్లు

2007లో డెన్మార్క్ టీవీలో ఓ నేరపరిశోధన సీరియల్ మొదలైంది. ఇంగ్లిషులో దాని పేరు 'ది కిల్లింగ్'. అందులో సారా లుండ్ అనే పోలీసు అధికారిణి ఎక్కడికెళ్లినా ఒకటే రకం స్వెటర్ వేసుకుంటుంది. తెలుపూ నలుపూ కలిసిన, ఫెరో దీవుల చేతి అల్లిక స్వెటర్. ఆ పాత్ర వేసిన నటి సోఫీ గ్రాబోల్ దాన్ని స్వయంగా ఎంచుకుంది. సూటూబూటూ వేసుకున్న మగవాళ్ల మధ్య తన గురించి ఎవరేమనుకున్నా ఫర్వాలేదనుకునే మనిషి అని ఆ స్వెటరే చెప్పేస్తుంది. డైలాగులక్కర్లేదు. 2011లో బీబీసీ ఆ సీరియల్ ప్రసారం చేశాక బ్రిటన్‌లో ఆ స్వెటర్ కోసం జనం వెంటపడ్డారు. గుద్రున్ అండ్ గుద్రున్ అనే చిన్న సంస్థకి ప్రపంచమంతా పేరొచ్చేసింది.

స్టీవ్ జాబ్స్‌ది ఇంకో కథ. జపాన్‌లో సోనీ ఉద్యోగుల యూనిఫామ్ చూసి ముచ్చటపడిన ఆయన, దాన్ని రూపొందించిన డిజైనర్ ఇస్సే మియాకేతో స్నేహం చేశాడు. తన కోసం నల్లటి హైనెక్‌లు చేసివ్వమంటే మియాకే వంద దాకా చేసిచ్చాడని జాబ్స్ జీవితచరిత్ర రాసిన వాల్టర్ ఐజాక్సన్ చెప్పాడు. పొద్దున లేచి ఏం వేసుకోవాలన్న ప్రశ్నే లేదు. ఇప్పుడు నల్ల హైనెక్, జీన్స్ వేసుకుని ఎవరు స్టేజీ ఎక్కినా జనానికి గుర్తొచ్చేది ఆయనే.

మూడోది యువరాణి డయానాది. 1981లో, పెళ్లికి కొద్దిరోజుల ముందు, ఆమె పోలో పోటీకి ఓ ఎర్ర స్వెటర్ వేసుకొచ్చింది. దాని నిండా తెల్ల గొర్రెపిల్లలు... వాటి మధ్య ఒక్కటే నల్లది! ఇద్దరు అమ్మాయిలు నడుపుతున్న 'వార్మ్ అండ్ వండర్‌ఫుల్' అనే చిన్న సంస్థ చేసిన స్వెటర్ అది. చెయ్యి దగ్గర పాడైందని రాజప్రాసాదం నుంచి వెనక్కి పంపితే వాళ్లు ఇంకోటి చేసిచ్చారు. డయానా రెండేళ్ల తర్వాత 1983లో ఆ కొత్తది వేసుకుంది. మొదటిసారి కుచ్చుల కాలరున్న చొక్కా మీద వేసుకుంటే, రెండోసారి తెల్ల ప్యాంటు, మెడలో నల్ల రిబ్బన్. డిజైన్ అదే, మనిషి మాత్రం వేరేలా కనిపించింది. పాడైన ఆ పాత స్వెటర్ నలభై ఏళ్ల తర్వాత అటకమీద దొరికింది. 2023లో న్యూయార్క్ వేలంలో 11 లక్షల డాలర్లకి పైగా పలికింది!

ఈ ముగ్గురిలో ఎవరి స్వెటరూ వజ్రాలు పొదిగింది కాదు. ముగ్గురూ మళ్లీమళ్లీ వేసుకున్నారు. మన దగ్గర 'మొన్న వేసుకున్నదే కదా' అన్నమాట ఓ పెద్ద నేరారోపణ. ఫంక్షన్ చీరల విషయంలో ఏమోగానీ, స్వెటర్ విషయంలో అది పొగడ్త కిందే లెక్క. ఒక రంగు, ఒక అల్లిక మీతో కలిపి జనానికి గుర్తుండాలంటే వాళ్లు దాన్ని కనీసం పదిసార్లు చూడాలి మరి.

లేబుల్ తిప్పి చూడండి

కొనేటప్పుడు మనం మొదట చూసేది రంగు, తర్వాత ధర. చూడాల్సింది మాత్రం లోపల పక్క కుట్టు దగ్గరుండే చిన్న లేబుల్. స్వెటర్ జాతకమంతా అందులోనే ఉంటుంది.

మామూలు బట్ట నేత. నిలువు పోగులు, అడ్డ పోగులు. స్వెటర్ అల్లిక. ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా ఒకదాన్లో ఒకటి దూరుతూ పోతుంది. ఆ ఉచ్చుల మధ్య గాలి నిలబడుతుంది. ఒంటివేడిని బయటికి పోనీయకుండా ఆపేది ఆ గాలే. అందుకే లావుగా ఉన్నంత మాత్రాన స్వెటర్ వెచ్చగా ఉంటుందనేం లేదు. సన్నటి మెరీనో ఉన్నితో అల్లిన పల్చటి స్వెటర్, బండెడు బరువున్న యాక్రిలిక్ దానికన్నా హాయిగా ఉండొచ్చు. మెరీనో గొర్రె ఉన్ని పోగు మన తలవెంట్రుకలో మూడోవంతు మందం కూడా ఉండదు. గుచ్చుకోదు. 'ఉన్ని అంటే దురద' అనేవాళ్లు ఒకసారి దాన్ని బుగ్గకి ఆనించి చూడాలి.

యాక్రిలిక్ అంటే పెట్రోలియం నుంచి తీసిన పోగు. చవక, తేలిక, రంగు బాగా పడుతుంది, పురుగు కొట్టదు. చెడ్డదేం కాదు. కానీ రాపిడి తగిలిన చోటల్లా, అంటే చంకల కింద, హ్యాండ్‌బ్యాగ్ ఒరుసుకునే చోట చిన్నచిన్న ఉండలు కడుతుంది. కొత్తది నెలకే పాతదైపోయేది అందుకే. ఇక్కడో తమాషా. ఊలు దుకాణాల్లో 'క్యాష్‌మిలాన్' అని గొప్పగా చెప్పి అమ్ముతుంటారు. వినగానే కశ్మీరు మేకలు కళ్లముందు మెదులుతాయి. నిజానికి క్యాష్‌మిలాన్ అనేది ఒక జపాన్ కంపెనీ యాక్రిలిక్‌కి పెట్టుకున్న పేరు. మన దేశంలో యాక్రిలిక్ ఊలుకంతటికీ అదే పేరు స్థిరపడిపోయింది. దానికీ మేకకీ ఏ చుట్టరికమూ లేదు. అసలు క్యాష్‌మీర్, అంటే లద్దాఖ్‌లోని చాంగ్‌తాంగ్ లాంటి చోట్ల మేకల అడుగువెంట్రుకలు. ఏడాదికి ఒక మేక నుంచి శుభ్రం చేశాక దక్కేది చాలా కొద్ది గ్రాములు. ఒక్క స్వెటర్‌కి ఒక్క మేక సరిపోదు. కాబట్టి 'ప్యూర్ క్యాష్‌మీర్, 999 మాత్రమే' అన్న బోర్డు కనపడితే నవ్వుకుని ముందుకెళ్లిపోండి.

మన వాతావరణానికి నప్పేవి రెండు. ఒకటి, పల్చటి ఉన్ని లేదా ఉన్ని ఎక్కువగా ఉన్న మిశ్రమం. రెండు, పూర్తి కాటన్ అల్లిక. కోస్తాలో ఉండేవాళ్లకి కాటన్ స్వెటరే ధర్మం. గాలికి ఆపు, చెమటకి నేస్తం.

లెక్క కూడా వేసుకోండి. 900 రూపాయల స్వెటర్ 15 సార్లు వేసుకునేసరికి ఉండలు కట్టి మూలపడితే ఒక్కోసారికి 60 రూపాయలైనట్టు. 2,400 పెట్టిన స్వెటర్ చలికాలానికి 30 రోజుల చొప్పున నాలుగేళ్లు వేసుకుంటే ఒక్కోసారికి 20. ఏది చవక?

చవక గురించి ఇంకో మాట. అంత తక్కువకి బట్ట ఎలా ఇస్తున్నారన్న ప్రశ్నకి 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఓ జవాబు దొరికింది. ఢాకా దగ్గర రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. అందులోని కర్మాగారాల్లో కుట్టే దుస్తులు పాశ్చాత్య దేశాల హై స్ట్రీట్ దుకాణాలకి వెళ్లేవి. ఆ తర్వాత తనిఖీలూ ఒప్పందాలూ వచ్చాయి. అయినా మూడుసార్లు వేసి పారేయడానికి బట్టలు కొనే అలవాటు గురించి ఒక్కసారి ఆలోచించుకోవాల్సిందే.

మెడా భుజం పొడవూ

లేబుల్ పరీక్ష పాసయ్యాక ట్రయల్‌రూమ్. 'స్వెటరే కదా, సాగుతుందిలే' అనుకుని వేసుకోకుండా కొనేవాళ్లే ఎక్కువ. సాగుతుంది కాబట్టే వేసుకుని చూడాలి. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర్న నిలవాలి. కిందికి జారితే అది కావాలనే వదులుగా చేసిన మోడల్ అయినా అయ్యుండాలి, మీ సైజు కాకపోయినా కాకుండా ఉండాలి. చేతులు పైకెత్తి దించి చూడండి. ఎత్తినప్పుడు అంచు నడుం దాటి పైకి పోయి, దించాక మళ్లీ తన చోటికి రాకపోతే ఆ అంచు పట్టు ఇప్పటికే పోయినట్టు. లోపలివైపు తిప్పి కుట్లు చూడండి. దారాలు వేలాడుతుంటే అక్కడే వదిలేయండి.

మెడ విషయంలో అద్దాన్ని మించిన గురువు లేదు. మెడ పొట్టిగా ఉండి, గుండ్రటి మొహమైతే వి-మెడ కాస్త పొడవు చూపిస్తుంది. సన్నగా పొడవుగా ఉన్నవాళ్లకి హైనెక్ అందం. అలాగని ఇవేం శిలాశాసనాలు కావు. హైనెక్‌లో ఊపిరాడనట్టుంటే అది ఎంత నప్పినా ఆ ఇబ్బంది మొహంలో కనిపించేస్తుంది.

పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ ఉండే మనలాంటివాళ్లకి తలమీంచి దూర్చుకునే పుల్‌ఓవర్ కన్నా ముందు గుండీలుండే కార్డిగాన్ మేలు. బస్సులో వేసుకోవచ్చు, ఆఫీసులో విప్పి కుర్చీకి వేయొచ్చు, జుట్టు చెదరదు. అన్నట్టు ఆ పేరు ఒక బ్రిటిష్ సైనికాధికారిది. 1854లో క్రిమియా యుద్ధంలో 'లైట్ బ్రిగేడ్' అశ్వికదళాన్ని ఫిరంగుల మీదికి నడిపించిన ఎర్ల్ ఆఫ్ కార్డిగన్ పేరే ఈ స్వెటర్‌కి స్థిరపడింది. యుద్ధంలో ఏం సాధించాడన్నది చరిత్రకారులు ఇప్పటికీ తగవు పడుతున్నారు. స్వెటర్ విషయంలో మాత్రం అందరూ ఏకాభిప్రాయమే!

చీర మీదికైతే నడుం దగ్గరే ఆగిపోయే పొట్టి కార్డిగాన్ ఎంచుకోండి. తుంటి దాకా వేలాడేది కుచ్చిళ్ల మీద పడి మనిషిని మూటలా చేస్తుంది. పమిట లోపలికి వెళ్తే చీర అందం పోయినట్టే. పమిటని కార్డిగాన్ మీదుగా వేసి భుజం దగ్గర పిన్ను పెడితే, చీర చీరలాగే ఉంటుంది, స్వెటర్ అందులో కలిసిపోతుంది. ఇంకా సులువైన దారి... బ్లౌజు బదులు ఒంటిని పట్టి ఉండే పల్చటి హైనెక్. చేనేత కాటన్ చీరకి నల్లదో, ఆవపచ్చదో హైనెక్ జతైతే పోచంపల్లి ఇకత్ ఒక్కసారిగా కొత్తగా కనిపిస్తుంది. నెక్లెస్ కూడా దాని మీదే వేసుకోవచ్చు. పొడవాటి కుర్తాల మీదికి పొట్టి కార్డిగాన్, జీన్స్ మీదికి కొంచెం వదులైన పుల్‌ఓవర్. మగవాళ్లు పూర్తిగా మర్చిపోయిన ఓ వస్తువుంది. చేతుల్లేని హాఫ్ స్వెటర్. లెక్కల మాస్టార్లు వేసుకునేదని నవ్వుతాం కానీ, ఇస్త్రీ చొక్కా మీద ముదురు నీలం వి-మెడ హాఫ్ స్వెటర్ మన చలికి అతికినట్టు సరిపోతుంది.

రంగు దగ్గర ఒకే పరీక్ష. మీ బీరువాలో ఇప్పటికే ఉన్న కనీసం నాలుగు జతల మీదికి అది వెళ్లాలి. 'దీనికి మ్యాచింగ్ ప్యాంటు కొంటా' అనిపించిందంటే ఆ స్వెటర్‌ని అక్కడే పెట్టేయండి.

లూథియానా నుంచి మన వీధికి

మాల్ ఒక్కటే హై స్ట్రీట్ కాదు. చలికాలంలో మన నగరాల్లో టిబెటన్ల స్వెటర్ దుకాణాలు వరసగా వెలుస్తాయి. 1959 తర్వాత టిబెట్ వదిలి వచ్చినవాళ్లూ, వాళ్ల పిల్లలూ. కర్ణాటకలోని బైలకుప్పె, ముండ్‌గోడ్ లాంటి శిబిరాల్లో వ్యవసాయం చేసుకుంటూ, చలి మొదలయ్యేసరికి మూటలతో ఊళ్లకొస్తారు. అమ్మేది మాత్రం టిబెట్ సరుకు అనుకుంటే పొరపాటు. చాలామటుకు పంజాబ్‌లోని లూథియానాదే. మన దేశంలో ఉన్ని అల్లికల రాజధాని అది. వ్యాపారులు వీళ్లకి సరుకు అప్పుగా ఇవ్వడం, సీజన్ అయ్యాక వీళ్లు వెళ్లి తీర్చడం... దశాబ్దాలుగా నమ్మకం మీద నడుస్తున్న బేరం. చలి సరిగ్గా పడని ఏడాది వాళ్ల సంవత్సరమంతా తారుమారవుతుంది. మనం 'హమ్మయ్య, ఈసారి చలి లేదు' అనుకునే రోజున ఆ దుకాణంలో కూర్చున్నావిడ మొహం చూడాలి.

ఇక్కడ లాభమేంటంటే వైవిధ్యం. మాల్‌లో ఆ ఏడాది ఫ్యాషన్ ఏ రంగైతే అన్ని దుకాణాల్లోనూ అదే రంగు. వీళ్ల దగ్గర నిరుడు మిగిలిన ముదురు నారింజా ఉంటుంది, ఎవరూ అడగని చిలకపచ్చా ఉంటుంది. లేబుల్ పరీక్ష, భుజం పరీక్ష ఇక్కడా చేయొచ్చు. అద్దం చిన్నదే కానీ, చూపించే నిజం పెద్ద మాల్ అద్దం కన్నా నయం. ఆ పసుపు దీపాలుండవుగా!

ఇక చేతి అల్లిక. రైల్వే క్వార్టర్స్‌లో, ఫ్యాక్టరీ కాలనీల్లో పెరిగినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పక్కింటి పంజాబీ ఆంటీ దగ్గర కూర్చుని 'ఒకటి సీదా, ఒకటి ఉల్టా' నేర్చుకున్న అమ్మలూ పిన్నులూ. మధ్యాహ్నం ఎండలో కుర్చీలు, ఒళ్లో ఊలుండ, మధ్యమధ్య పిల్లాడిని పిలిచి వీపుకి ఆనించి కొలత. అచ్చంగా మీ కొలతకి తయారయ్యే స్వెటర్ అదొక్కటే. చెయ్యి ఒకటి పొడుగొచ్చినా సరే. ఐర్లాండ్‌లో అరన్ దీవుల స్వెటర్ల గురించి ఓ కథ ప్రచారంలో ఉంది. ఒక్కో వంశానికి ఒక్కో అల్లిక అనీ, సముద్రంలో మునిగిపోయిన జాలరిని స్వెటర్ చూసి గుర్తుపట్టేవారనీ. అది చాలామటుకు అమ్మకాల కోసం పుట్టిన కథే. 1904లో వచ్చిన జె.ఎమ్.సింజ్ నాటకంలో మేజోడు అల్లికలో జారిన కుట్లని బట్టి శవాన్ని గుర్తించే సన్నివేశం ఒకటుంది. దాన్నుంచి ఊరిందంటారు. కథ కల్పితమే అయినా ఎవరి చెయ్యి వాళ్ల అల్లికలో తెలిసిపోతుందన్నది అల్లేవాళ్లందరికీ తెలుసు. ఇంట్లో అమ్మో అమ్మమ్మో అల్లిన స్వెటర్ మూలపడి ఉంటే బయటికి తీయండి. ఆ వదులు కొలతలు ఇప్పుడు మళ్లీ ఫ్యాషనే. గుండీలు మారిస్తే చాలు.

విమానం ఎక్కేవాళ్లకి

చదువుల కోసం అమెరికాకో బ్రిటన్‌కో వెళ్లే పిల్లల సూట్‌కేసులో సగం బరువు స్వెటర్లదే. ఆవకాయ సీసా చుట్టూ చుట్టినవి కొన్ని, అమ్మ బలవంతం మీద పెట్టినవి కొన్ని. తీరా అక్కడికెళ్లాక తెలిసేదేంటంటే... గదుల్లో, క్లాసుల్లో హీటర్లుంటాయి. లావుపాటి స్వెటర్‌తో లోపల కూర్చుంటే చెమట. బయటికొస్తే ఉచ్చుల సందుల్లోంచి చలిగాలి దూరిపోతుంది. స్వెటర్ గాలిని ఆపలేదు, ఆ పని పైన వేసుకునే కోటుది. అందుకే అక్కడివాళ్లు పొరలు పొరలుగా వేసుకుంటారు. ఒంటికి అంటుకుని పల్చటి థర్మల్, దాని మీద చొక్కా, దాని మీద ఓ మాదిరి స్వెటర్, ఆపైన గాలీ వానా ఆపే కోటు. లోపలికి రాగానే ఒక్కో పొరా విప్పేస్తారు.

కాబట్టి ఇక్కడి నుంచి పల్చటివి రెండు తీసుకెళ్తే చాలు. కోటు అక్కడే కొనుక్కోవాలి. బ్రిటన్ వెళ్లేవాళ్లకి ఇంకో కిటుకు. ప్రతి హై స్ట్రీట్‌లోనూ దాదాపుగా ఛారిటీ షాపులుంటాయి. జనం దానంగా ఇచ్చిన బట్టల్ని శుభ్రంగా సర్ది అమ్మి, ఆ డబ్బు సేవకి వాడతారు. మంచి ఉన్ని స్వెటర్లు కొత్తదాని ధరలో చిన్న భాగానికే దొరుకుతాయి. 'ఒకరు విడిచినవి మనం వేసుకోవడమా' అని మనవాళ్లు మొదట మొహమాటపడతారు. మొదటి చలికాలం బిల్లులు చూశాక ఆ మొహమాటం దానంతటదే తగ్గుతుంది. వాటిలో ఏరుకున్నదానికి ఇంకో సుగుణం... క్లాసులో అలాంటిది ఇంకొకరికి ఉండదు.

ఉతుకూ మడతా

మంచి స్వెటర్ పాడయ్యేది వేసుకోవడం వల్ల కాదు, ఉతకడం వల్ల. ప్రతిసారీ ఉతక్కండి. లోపల చొక్కా ఉంటుంది కాబట్టి గాలికి ఆరేస్తే చాలు. ఉతకాల్సి వస్తే చల్లటి నీళ్లలో షాంపూలాంటి మెత్తటి సబ్బు వేసి కాసేపు నానబెట్టి చేత్తో నొక్కాలి. బండకేసి బాదడం, మెలితిప్పి పిండడం రెండూ వద్దు. వేడినీళ్లు తగిలితే ఉన్ని కుంచించుకుపోతుంది. అప్పుడది మీ పిల్లాడికి సరిపోతుంది! పొడి తువ్వాలు మీద పరిచి చుట్టచుట్టి నొక్కితే నీళ్లు దిగిపోతాయి. ఆరేసేది కూడా తీగ మీద కాదు, మంచం మీద తువ్వాలు పరిచి నీడలో. తీగ మీద వేస్తే తడి బరువుకి చేతులు మోకాళ్ల దాకా సాగుతాయి. హ్యాంగర్‌కి తగిలించినా అంతే, భుజాల దగ్గర కొమ్ములొస్తాయి. మడతపెట్టి ఉంచడమే పద్ధతి. యాక్రిలిక్ మీద వేడి ఇస్త్రీపెట్టె పెట్టారో, బిగువంతా పోయి వేలాడిపోతుంది. మళ్లీ బాగుచేయడం ఎవరి వల్లా కాదు. ఉండలు కట్టిన చోట లింట్ రిమూవర్ మెల్లగా ఆడించండి. లాగితే అల్లిక ఊడొస్తుంది.

శివరాత్రి దాటాక లోపల పెట్టేముందు మాత్రం తప్పకుండా ఉతికే పెట్టాలి. పురుగులకి ఉన్ని ఇష్టం, చెమటా అన్నం మెతుకుల మరకలూ ఉన్న ఉన్ని ఇంకా ఇష్టం. కలరా ఉండలు వేస్తే బట్టకి తగలకుండా చిన్న గుడ్డలో మూటకట్టి పెట్టండి. చిన్నపిల్లలున్న ఇళ్లలో వాటి బదులు ఎండిన వేపాకు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. అప్పుడే ఇంకో పని కూడా చేసేయండి. ఈ చలికాలంలో ఒక్కసారి కూడా వేసుకోని స్వెటర్లు పక్కన తీసి, వాచ్‌మన్‌కో పనమ్మాయికో చలి ఉండగానే ఇచ్చేయండి, మార్చిలో కాదు. మిగిలినవాటిలో దేన్ని ఎక్కువసార్లు వేసుకున్నారో చూసి, దాని రంగు, మెడ, సైజు, లేబుల్ మీది ఉన్ని శాతం ఓ చీటీ మీద రాసి అందులోనే పెట్టండి. వచ్చే నవంబరులో దుకాణానికి వెళ్లేటప్పుడు ఆ చీటీ పర్సులో ఉంటే చాలు.